మిల్లీమీటర్లే రాయండి

ఈ.కోలై ప్లేటు మీద సిప్రోఫ్లాక్సాసిన్ డిస్కు చుట్టూ జోన్ 24 మిల్లీమీటర్లు వచ్చింది. రిజిస్టర్లో ఏం రాస్తారు? చాలా ల్యాబుల్లో ఎస్, ఐ, ఆర్‌లలో ఏదో ఒక్క అక్షరం రాసి పేజీ తిప్పేస్తారు. 2018లో అయితే ఆ 24ని సెన్సిటివ్ అనేవాళ్లు. జోన్ హద్దులు నిర్ణయించే సీఎల్‌ఎస్‌ఐ సంస్థ పట్టికలో అప్పటి హద్దు 21. 2019లో దాన్ని 26కు పెంచారు కాబట్టి అదే 24 ఇప్పుడు ఇంటర్మీడియట్. ప్లేటు మీద ఉన్నది సాల్మొనెల్లా అయితే లెక్క ఇంకా వేరు, 31 ఉంటే తప్ప సెన్సిటివ్ అనకూడదు. బ్యాక్టీరియాలో ఏ మార్పూ లేదు, మారింది పట్టిక. అక్షరం మాత్రమే రాసుకున్న ల్యాబు పాత ఏడాదినీ కొత్త ఏడాదినీ పక్కపక్కన పెట్టి చూస్తే సిప్రో ఉన్నట్టుండి పనికిరాకుండా పోయినట్టు కనిపిస్తుంది. 24 అని రాసుకున్న ల్యాబు మాత్రం పాత లెక్కలన్నీ కొత్త హద్దుతో కంప్యూటర్లో క్షణాల్లో మళ్లీ వేసుకోగలదు.

ఎం.ఎల్.టి. చదివి మెడికల్ కాలేజీ మైక్రోబయాలజీ ల్యాబులో కొత్తగా చేరినవాళ్లకు, ఆ ల్యాబులో డేటా ఎంట్రీ చేసేవాళ్లకు, శాంపిల్ తీసి పంపే స్టాఫ్ నర్సులకు ఈ నాలుగు మాటలూ చెబుతున్నాను. మీరు చేసే కల్చర్, సెన్సిటివిటీ ఆ ఒక్క రోగి కోసమే అనుకుంటే సగం పనే తెలిసినట్టు. ఢిల్లీలోని ఎన్‌సీడీసీ 2013 నుంచి నార్స్‌నెట్ అనే పేరుతో మెడికల్ కాలేజీ ల్యాబులనుంచి ఈ లెక్కలు తెప్పించుకుంటోంది. ఐసీఎంఆర్ కూడా అదే ఏడాది ఇంకో నెట్‌వర్క్ మొదలుపెట్టింది. అందులో విరేచనాల బ్యాక్టీరియాకు వెల్లూరు సీఎంసీ, టైఫాయిడ్ సాల్మొనెల్లాకు ఢిల్లీ ఎయిమ్స్, ఈ.కోలై, క్లెబ్సియెల్లా కుటుంబానికి చండీగఢ్ పీజీఐ పెద్దదిక్కుగా ఉంటున్నాయి. దేశం లెక్కలు ఎన్‌సీడీసీ నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ నడిపే గ్లాస్ వ్యవస్థకు చేరతాయి. ఏ జ్వరానికి ఏ మందు మొదటగా రాయాలన్న జాతీయ మార్గదర్శకాలు ఈ లెక్కలు చూసే తయారవుతాయి. మీరు స్కేలు పెట్టి కొలిచిన అంకె తప్పయితే ఆ తప్పు మీ ల్యాబు గోడల మధ్య ఆగదు.

పేగు బ్యాక్టీరియా మీదే ఇంత కాపలా ఎందుకు? ఒక ఉదాహరణ చూడండి. పాకిస్తాన్ సింధు రాష్ట్రంలోనూ ఒక హైదరాబాద్ ఉంది. 2016 నవంబరు నుంచి అక్కడి టైఫాయిడ్ రోగుల రక్తంలో సెఫ్ట్రియాక్సోన్‌కు లొంగని సాల్మొనెల్లా టైఫీ బయటపడసాగింది. క్లోరాంఫెనికాల్, ఆంపిసిలిన్, కోట్రైమోక్సజోల్, సిప్రో అప్పటికే పోయాయి. సెఫ్ట్రియాక్సోన్ కూడా పోయాక నోటితో వేసుకునే మందు అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. అదీ పనిచేయకపోతే కార్బాపెనెమ్ ఇంజెక్షన్లే గతి. కరాచీలోని ఆగాఖాన్ యూనివర్సిటీ ల్యాబు ఈ తేడాను పసిగట్టింది. తర్వాత జన్యుక్రమం తీసి చూస్తే, టైఫీకి ఆ శక్తినిచ్చిన ప్లాస్మిడ్ ఈ.కోలై లాంటి పేగు బ్యాక్టీరియానుంచి వచ్చి ఉండాలని తేలింది. మన కడుపులో ఏ హానీ చేయకుండా బతికే ఈ.కోలై తన దగ్గరున్న రెసిస్టెన్స్ జన్యువును పక్కనున్న రోగకారక బ్యాక్టీరియాకు అందించగలదు. పేగుల్ని కనిపెట్టుకుని ఉండాల్సింది ఇందుకే. సింధు హైదరాబాద్‌లో తాగునీటి పైపుల్లో మురుగు కలిసిన చోట ఆ టైఫాయిడ్ ఊరంతా పాకింది. 2018 డిసెంబరు నాటికి సింధులో ఇలాంటి కేసులు 5 వేలు దాటాయి.

అక్కడి పిల్లలకు టైఫాయిడ్ కాంజుగేట్ టీకా వేయడం 2018లో మొదలుపెట్టారు. అది మన హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన టీకా. సింధు హైదరాబాద్‌లో 2 లక్షలకు పైగా పిల్లలకు అది అందింది. 2019లో పాకిస్తాన్ ఆ టీకాను మామూలు టీకాల పట్టికలో చేర్చుకుంది, ఆ పని చేసిన మొదటి దేశం అదే. అదంతా కదిలింది ఒక ల్యాబులో ఎవరో సెఫ్ట్రియాక్సోన్ జోన్ చిన్నదిగా ఉందని గమనించి, "డిస్కు పాడైపోయి ఉంటుందిలే" అని పక్కన పెట్టేయకపోవడం వల్ల.

కాబట్టి మీ బల్ల మీద అలాంటి ప్లేటు కనపడితే ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి. టైఫీకి సెఫ్ట్రియాక్సోన్ జోన్ 23 లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి. 19, అంతకన్నా తక్కువ వస్తే ప్లేటును డిస్కార్డ్ బిన్‌లో వేయకండి. ముందు కల్చర్ శుద్ధంగా ఉందో లేదో చూసుకోండి, ఒంటరి కాలనీనుంచి మళ్లీ సబ్‌కల్చర్ పెట్టండి. బయోకెమికల్స్, సీరంతో అగ్లూటినేషన్ మళ్లీ చేసి అది నిజంగా టైఫీయేనని నిర్ధారించుకోండి. అదే రోజు పెట్టిన క్యూసీ (క్వాలిటీ కంట్రోల్) ప్లేటులో సెఫ్ట్రియాక్సోన్ ఎంత వచ్చిందో చూడండి. అన్నీ సరిగ్గా ఉంటే మైక్రోబయాలజిస్టుకు ఆ పూటే చెప్పాలి, వార్డుకు ఫోన్ వెళ్లాలి, కల్చర్‌ను గ్లిసరాల్‌లో భద్రపరచి రిఫరెన్స్ ల్యాబుకు పంపాలి. నెలాఖరు రిపోర్టులో పెడదాం అనుకుంటే ఆ నెల రోజులూ రోగికి పనిచేయని మందే ఎక్కుతుంది.

ఇక రోజువారీ పని. ల్యాబుకు చెడ్డపేరు ఎక్కువగా పాతబడ్డ డిస్కుల వల్ల, మందం తేడా వచ్చిన ఆగార్ వల్ల, అందాజుగా కలిపిన సస్పెన్షన్ వల్ల వస్తుంది. ముల్లర్ హింటన్ ఆగార్ 4 మిల్లీమీటర్ల మందం ఉండాలి. పల్చగా పోస్తే జోన్లు ఉబ్బుతాయి, రెసిస్టెంట్ బ్యాక్టీరియా సెన్సిటివ్‌లా కనిపిస్తుంది. మందంగా పోస్తే దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. సస్పెన్షన్ గాఢతను 0.5 మెక్‌ఫార్లండ్‌తో పోల్చి చూడాల్సిందే, ఎన్నేళ్ల అనుభవమున్నా కంటి అంచనా పనికిరాదు. కలిపిన 15 నిమిషాల్లో ప్లేటు మీద పూయాలి. మధ్యలో ఫోన్ వచ్చి అరగంట ఆగిపోయిందా, పారేసి కొత్తది కలపండి.

డిస్కుల సంగతి కొంచెం ఎక్కువగా చెప్పాలి, మన ఎండలకూ కరెంటు కోతలకూ అవి తట్టుకోలేవు. ఇమిపెనెమ్, క్లావులనేట్ ఉన్న డిస్కులు ముందుగా పాడవుతాయి. ఎక్కువ రోజులు నిల్వ ఉంచేవి మైనస్ 20లో ఉండాలి, ఆ వారానికి కావాల్సిన కార్ట్రిడ్జి మాత్రం ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. బయటికి తీయగానే సీసా మూత తెరవకండి. గది ఉష్ణోగ్రతకు వచ్చాక తెరిస్తే లోపల తేమ పట్టదు. మే నెలలో శని, ఆదివారాలు ఫ్రిజ్ ఆగిపోయి, సోమవారం ఎవరూ గమనించకుండా అవే డిస్కులు వాడితే ఆ వారమంతా రెసిస్టెన్స్ పెరిగినట్టు లెక్క తేలుతుంది. బ్యాక్టీరియాకు సంబంధం లేని ఆ పెరుగుదల రాష్ట్రం రిపోర్టులో గీతలా పైకి లేస్తుంది. దీనికి కాపలా క్యూసీ స్ట్రెయిన్. ఏటీసీసీ 25922 ఈ.కోలైకి సెఫ్ట్రియాక్సోన్ 29 నుంచి 35 మధ్య రావాలి. రాకపోతే ఆ రోజు రోగుల రిపోర్టులు వదలకూడదు. క్యూసీ మొదట రోజూ పెట్టి, నిలకడగా వస్తోందని రుజువయ్యాక వారానికోసారి పెట్టుకోవచ్చు.

ఇన్‌స్పెక్షన్ ముందు రోజు ఒకే పెన్నుతో, ఒకే దస్తూరితో మూడు నెలల క్యూసీ రిజిస్టర్ నింపడం నేను చూశాను. అలా నింపమని పైవాళ్లు అడిగినా ఒప్పుకోవద్దు. డిస్కులు రాకపోతే "డిస్కులు రాలేదు, ఇండెంట్ ఫలానా తేదీన పెట్టాం" అని రాసి సంతకం చేయండి. ఇండెంట్ కాపీ ఒకటి దగ్గర ఉంచుకోండి. ఆడిట్‌లో ఖాళీ గడికి జవాబు చెప్పుకోవచ్చు. కాకిలెక్కకు జవాబుండదు, పట్టుబడితే కాంట్రాక్టు ఉద్యోగమే ముందు పోతుంది.

జోన్ కొలిచేటప్పుడు ప్లేటు తిరగేసి, వెనక నలుపు పెట్టుకుని, వెలుతురు పైనుంచి పడేలా చూసుకుని, స్కేలుతోనో కాలిపర్‌తోనో చదవండి. 35 డిగ్రీల్లో 16 నుంచి 18 గంటలు ఉంచిన ప్లేటునే చదవాలి. సాయంత్రం ఆరుకు పెట్టిన ప్లేటును డ్యూటీ మారుతోందని పొద్దున్న ఏడుకే చదవకండి. జోన్ అసలు రాకపోతే 0 కాదు, 6 రాయాలి, డిస్కు వ్యాసమే 6 మిల్లీమీటర్లు. జోన్ లోపల ఒకటి రెండు కాలనీలు కనిపిస్తే వాటిని లెక్కలోంచి తీసేయకండి. వాటిని ఎత్తి విడిగా సబ్‌కల్చర్ చేస్తే అవి కలుషితమో, నిజంగా రెసిస్టెంటో తేలుతుంది. అజిత్రోమైసిన్ అంచు మసకగా ఉంటుంది, అక్కడ రెండో మనిషి కూడా చూడటం మంచిది. చేతికి అలవాటైన 20, 25, 30 లాంటి గుండ్రటి అంకెలు రాయడం మీకే తెలియకుండా జరుగుతుంది. మీ పాత రిజిస్టర్ ఒక నెలది తిప్పి చూడండి, 19, 21, 23లకన్నా 20 మరీ ఎక్కువసార్లు ఉంటే కొలవడంలో లోపం ఉన్నట్టే.

కొలిస్టిన్‌కు డిస్కు పెట్టనే వద్దు, ఆ ఫలితం నమ్మదగ్గది కాదు. బ్రాత్ మైక్రోడైల్యూషన్ వసతి లేకపోతే "ఇక్కడ చేయం" అని రాసి బయటికి పంపండి. సాల్మొనెల్లాకు జెంటమైసిన్, అమికాసిన్, మొదటి రెండు తరాల సెఫలోస్పోరిన్‌లు ప్లేటు మీద చక్కటి జోన్ ఇచ్చినా రోగిలో పనిచేయవు. వాటిని సెన్సిటివ్ అని రిపోర్టులో రాస్తే డ్యూటీ డాక్టరును తప్పుదారి పట్టించినట్టే.

డేటా వైపు వస్తే, నార్స్‌నెట్ ల్యాబులు వాడేది వోనెట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. 1989 నుంచి బోస్టన్‌లో తయారవుతూ, మెరుగవుతూ వచ్చింది. దాన్ని బాగా నేర్చుకున్న టెక్నీషియన్‌కు ఎక్కడైనా గిరాకీ ఉంటుంది, తీరిక దొరికినప్పుడల్లా దాని మీద కూర్చోండి. అయితే సాఫ్ట్‌వేర్ ఎంత తెలివైనదైనా మీరిచ్చిన పేర్లనే నమ్ముతుంది. నిఘా లెక్కలో ఒక రోగినుంచి, ఒక రకం శాంపిల్లో, ఒక బ్యాక్టీరియా, ఆ కాలానికి ఒక్కసారే లెక్కకు రావాలి. తగ్గని రోగికి నాలుగుసార్లు కల్చర్ పంపుతారు. నాలుగూ లెక్కేస్తే రెసిస్టెన్స్ శాతం వాపెక్కుతుంది. మన పేర్లతో ఇది పెద్ద తలనొప్పి. సోమవారం ఓపీ చీటీ మీద "కె. వెంకటలక్ష్మి, 45", గురువారం వార్డు ఫారం మీద "వెంకట లక్ష్మమ్మ కె., 48". కంప్యూటర్‌కు వీళ్లిద్దరూ వేరు. అందుకే పేరు మీద ఆధారపడకుండా ఆస్పత్రి రిజిస్ట్రేషన్ నంబరును పట్టుకోండి. నంబరు లేని ఫారం వస్తే శాంపిల్ తిప్పి పంపేయకుండా, కల్చర్ పెట్టేసి, వార్డు సిస్టర్‌కు ఫోన్ చేసి నంబరు అడిగి రాసుకోండి. మళ్లీ తీయలేని శాంపిల్‌ను ఫారం కోసం పోగొట్టుకోకూడదు.

అడ్మిషన్ తేదీ కూడా అంతే ముఖ్యం. చేరి రెండు రోజులు దాటాక తీసిన శాంపిల్లో దొరికిన బ్యాక్టీరియాను ఆస్పత్రిలో అంటుకున్నదానిగా లెక్కేస్తారు, అంతకు ముందుదైతే బయటినుంచి వచ్చినట్టు. తేదీ రాయకపోతే ఊళ్లో ఉన్న సమస్య ఏదో, ఐసీయూలో ఉన్న సమస్య ఏదో ఎవరికీ తెలియదు. ముందు వాడిన మందులు అనే గడిని కూడా నింపించాలి. మన రెండు రాష్ట్రాల్లో పెద్దాస్పత్రికి వచ్చేసరికే రోగి ఆర్‌ఎంపీ దగ్గర రెండు ఇంజెక్షన్లు, మెడికల్ షాపులో మూడు రోజుల గోళీలు దాటి వస్తాడు. "ఏం మందు వాడారు?" అని అడిగితే పేరు చెప్పలేరు. "స్ట్రిప్ ఉంటే చూపించమ్మా" అని అడిగితే సంచీలోంచి తీసి చూపిస్తారు. నర్సులు ఈ ఒక్క మాట అలవాటు చేసుకుంటే చాలు. పెద్దాస్పత్రి లెక్కల్లో రెసిస్టెన్స్ ఎక్కువగా ఉండటానికి ఇలా ముందే మందులు వాడి రావడం ఒక కారణం, మామూలు మందుకు తగ్గినవాళ్లు మన దాకా రారు కదా. ఆ సంగతి లెక్క చదివేవాళ్లకు తెలియాలంటే గడి నిండి ఉండాలి. గ్రోత్ రాని శాంపిళ్లను కూడా నమోదు చేయండి. ఎన్ని పెడితే ఎన్ని వచ్చాయో తెలియనిదే శాతానికి అర్థం లేదు.

శాంపిల్ తీయడంలో నర్సులకు ఇంకో రెండు మాటలు. టైఫాయిడ్ అనుమానం ఉంటే విడాల్ పంపి ఊరుకోవద్దని డ్యూటీ డాక్టరుకు గుర్తుచేయండి. విడాల్ ఎన్ని చేసినా ఏ మందు పనిచేస్తుందో చెప్పదు. యాంటీబయాటిక్ ఎక్కించకముందే, పెద్దవాళ్లకు సీసాకు 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం తీయాలి. అప్పటికీ బ్లడ్ కల్చర్ సుమారు 60 శాతం టైఫాయిడ్ కేసుల్లోనే పట్టుకుంటుంది, రక్తం తగ్గిస్తే అదీ దక్కదు. మోషన్ శాంపిల్ రెండు గంటల్లో ల్యాబుకు రాలేకపోతే కేరీ బ్లెయిర్ మీడియంలో పెట్టండి. షిగెల్లా సున్నితమైనది, ఆలస్యమైతే దారిలోనే చచ్చిపోతుంది.

మోషన్ కల్చర్లో ఈ.కోలై వస్తే సెన్సిటివిటీ పెట్టాలా అని కొత్తవాళ్లు తప్పకుండా అడుగుతారు. మామూలు రోగికి అక్కర్లేదు, అది అందరి పేగుల్లోనూ ఉంటుంది. దానికి సెన్సిటివిటీ రిపోర్ట్ ఇస్తే డాక్టరు అవసరం లేని మందు రాస్తాడు. గ్లాస్‌కు మోషన్‌నుంచి వెళ్లేవి సాల్మొనెల్లా, షిగెల్లా. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల పేగుల్లో రెసిస్టెంట్ ఈ.కోలై ఎంతుందో చూడటానికి వేరే పద్ధతి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రచురించిన ట్రైసైకిల్ పద్ధతిలో ఆరోగ్యవంతులైన గర్భిణుల్లో, సంతలో అమ్మే కోళ్ల పేగుల్లో, మురుగు, నది నీళ్లలో, ఈ మూడు చోట్లా ఈఎస్‌బీఎల్ ఎంజైమ్ తయారుచేసే ఈ.కోలైని వెతుకుతారు. పశువైద్య, మత్స్య ల్యాబుల్లో పనిచేసే మిత్రులకు ఇది దగ్గరి విషయం. ఐసీఏఆర్ నడిపే ఇన్‌ఫార్ నెట్‌వర్క్ జంతువుల వైపు, చేపల, రొయ్యల చెరువుల వైపు ఇదే పని చేస్తోంది. 2019 జులైలో పశువుల, కోళ్ల, చేపల పెంపకంలో కొలిస్టిన్‌ను కేంద్రం నిషేధించింది. ఆ నిషేధం ఫలించిందో లేదో చెప్పేది కూడా ఇలాంటి లెక్కలే.

మీ ఒంటి సంగతి మరిచిపోకండి. 2011లో అమెరికాలో సాల్మొనెల్లా టైఫిమ్యూరియం నూరుమందికి పైగా సోకింది. ఆరా తీస్తే చాలామందికి క్లినికల్, కాలేజీ మైక్రోబయాలజీ ల్యాబులతో సంబంధం తేలింది. ల్యాబులో పనిచేసేవాళ్ల ఇళ్లలోని పిల్లలకు కూడా వచ్చింది. 2014లోనూ, 2017లోనూ మళ్లీ అదే జరిగింది. బల్ల మీద వాడిన పెన్ను జేబులో పెట్టుకుని, నోట్‌బుక్ సంచీలో వేసుకుని ఇంటికి వెళ్తే బ్యాక్టీరియా కూడా వెంట వస్తుంది. ల్యాబు పెన్ను ల్యాబులోనే ఉండాలి. ఫోన్ బల్ల మీద పెట్టకూడదు, ఆప్రాన్ ఇంటికి తీసుకుపోకూడదు, ఇంక్యుబేటర్ ఉన్న గదిలో టీ తాగకూడదు. టైఫీతో రోజూ పనిచేసేవాళ్లకు టైఫాయిడ్ టీకా వేయించమని రాతపూర్వకంగా అడగండి. అది మీరు మొహమాటపడాల్సిన విషయం కాదు.

చివరిగా ఉద్యోగం మారేటప్పుడు. నిఘా ప్రాజెక్టుల్లో కాంట్రాక్టు పోస్టులు చాలా ఉంటాయి, రెన్యువల్ రాకపోతే వెళ్లిపోవాల్సిందే. వెళ్లేముందు వోనెట్ ఫైళ్లు ఏడాదివారీగా రెండు చోట్ల కాపీ చేసి, పాస్‌వర్డులు, ఫ్రీజర్లో ఏ డబ్బాలో ఏ కల్చర్ ఉందో చెప్పే పట్టిక అన్నీ రాసి, తీసుకున్నవాళ్ల సంతకంతో అప్పజెప్పండి. ల్యాబు నాణ్యతను పరీక్షించడానికి సీఎంసీ వెల్లూరు లాంటి చోట్లనుంచి వచ్చే ఈక్యూఏఎస్ శాంపిళ్లను మీరు చేసి ఉంటే ఆ ఫలితాల కాపీలు అనుమతితో దగ్గర ఉంచుకోండి, తర్వాతి ఇంటర్వ్యూలో సర్టిఫికెట్లకన్నా అవే ఎక్కువ మాట్లాడతాయి. కొత్తగా వచ్చిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక వారం అవే ప్లేట్లు ఇద్దరూ విడివిడిగా కొలవండి. ఒకరి అంకె ఇంకొకరు చూడకుండా రాసి, తర్వాత పోల్చుకోండి. ఇద్దరికీ 2 మిల్లీమీటర్లకన్నా ఎక్కువ తేడా వస్తున్న మందులేవో గుర్తుపెట్టి, ఆ డిస్కుల అంచులు ఎలా చదవాలో చూపించాకే తాళాలు ఇవ్వండి.